అద్దాల పెట్టెలో పిడికిలి బిందె

విశాఖపట్నం వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా సంఘంలో ప్రతివాళ్ళూ సముద్రం గురించే అడుగుతున్నారు. సముద్రం బాగానే ఉంది. కానీ నేను వెళ్ళింది సముద్రం చూడ్డానికి కాదు, మా బిందె తెచ్చుకోడానికి.

మాది నరసాపురం దగ్గర చిన్న ఊరు, చిన్న చర్చి. ఆ చర్చిలో పిడికిలి బిందె అని ఒక ఇత్తడి బిందె ఉంది. నీళ్ళబిందె కన్నా చిన్నది, మెడ సన్నం. మా ఆడవాళ్ళు పూటపూటకీ బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి చర్చి మూలనున్న గోనెలో పోసి, చివరి పిడికెడు మాత్రం బిందెలో వేస్తారు. దానికో పద్ధతి ఉంది. కళ్ళు మూసుకుని, పిడికిలి మణికట్టు దాకా లోపలికి పోనిచ్చి, లోపలే విప్పాలి. ఎవరిది నిండు పిడికిలో, ఎవరిది నాలుగు గింజలో దేవుడికి తప్ప తెలియదు. ఆ బియ్యంతో వండుకునే ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయి. ఏ ఇళ్ళో రాయను.

ఆ బిందె మా సంఘంలో మొదటి విశ్వాసి రాహేలమ్మ తెచ్చిందని చెప్తారు. ప్రభువును నమ్ముకున్నందుకు అత్తవారు వెళ్ళగొడితే, కట్టుబట్టలతో, ఆ ఒక్క బిందెతో బయటికొచ్చిందట. ఏటా కోత పండుగకి ఆవిడ కథ సాక్ష్యంగా చెప్పుకుని, మగవాళ్ళతో సహా అందరం వరసలో నిలబడి పిడికిళ్ళు వేస్తాం.

ఎండాకాలంలో శశిధర్ అనే ఆయన విశాఖ నుంచి మా ఊరొచ్చాడు. మానవశాస్త్రం చదువుకున్నవాడు. ఏయే జనం ఏయే వస్తువుల్ని పవిత్రమనుకుంటారు, ఎలా చేసుకుంటారు, ఎలా ముట్టుకుంటారు, ఇదీ ఆయన పరిశోధన. "మాకు పవిత్ర వస్తువులు లేవండి. మేం వస్తువుల్ని మొక్కం," అని చెప్పాను. ఆయన బిందె వైపు చూసి, "అయితే దీంతో నీళ్ళు మోస్తారామ్మా?" అన్నాడు. అతని మీద నాకు అనుమానం మొదలైంది అప్పుడే.

మా పాస్టరయ్యగారు మంచివారు, అంటే ఎవరేం అడిగినా ఇచ్చేస్తారు. ప్రదర్శనలో పెట్టి రెండు నెలల్లో పంపిస్తామంటే బిందె ఇచ్చేశారు. వద్దన్నది నేనొక్కదాన్నే. వానలు వెనకబట్టాయి, చేలు పండాయి, కోత పండుగ ఆదివారం వచ్చేస్తోంది. బిందె రాలేదు. అయ్యగారు ఫోన్ చేస్తే, "ఇంకొన్నాళ్ళు ఉంచుకోవచ్చా? ఒక సంగతి తేల్చుకోవాలి," అన్నాడట శశిధర్. స్త్రీల సమాజం కూడింది. "నువ్వే కదా వద్దన్నావు సువార్తమ్మా, నువ్వే వెళ్ళి తీసుకురా," అన్నారు. తేల్చుకోవాల్సిన సంగతి ఏమిటో ఎవరికీ తెలియదు. అమ్మేశాడేమోనని నాకు భయం.

రైల్లో, ఎలమంచిలి దాకా

తుని దాటాక ఒకావిడ బుట్ట పట్టుకుని పెట్టెలోకి ఎక్కింది. బుట్ట నిండా లక్క బొమ్మలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. నా పక్కన చోటు చేసుకుని కూర్చుని, అడక్కుండానే ఒక గుండ్రటి భరిణె నా చేతిలో పెట్టింది.

"కుంకం బరిణమ్మా. గోరెట్టి గీకినా రంగు పోదు. నూటేభై."

"మేం కుంకుమ పెట్టుకోం."

నా నుదురు చూసి అర్థం చేసుకుంది. అయినా వెనక్కి తీసుకోలేదు. "పెట్టుకోకపోతే మానీ. బీపీ బిళ్ళలేసుకో. కర్రకి తెలుత్తాదేటి, లోపలేటుందో!"

ఎదురు సీట్లో అచ్యుతాపురం ఫ్యాక్టరీకి వెళ్ళే ఇద్దరు మగవాళ్ళు నవ్వారు. ఒకతను, "తీసుకోండమ్మా, వంద కిచ్చేత్తాది," అన్నాడు. "నీ ఇంట్లోంచి ఇత్తావేటి బావా?" అని ఆవిడ గదమాయించింది. ఆవిడకీ అతనికీ ముందే పరిచయమేమో, నాకు అంటగట్టడానికి ఇదంతా నాటకమేమో అనిపించింది. కొనలేదు. మూత తీసి వాసన మాత్రం చూశాను. కొత్త కర్ర వాసన. ఎలమంచిలిలో ఆవిడ దిగిపోతూ, "తిరిగొచ్చీటప్పుడు కొంటావులే," అంది. మా వైపు అమ్మేవాళ్ళు బతిమాలతారు. ఇక్కడ ముందే చెప్పేసి వెళ్ళిపోతారు.

గాజువాక

నా చెల్లెలి కూతురు జ్యోతి గాజువాకలో ఉంటుంది. భర్త స్టీల్ ప్లాంటులో పని. వాళ్ళ వీధిలో సగం మంది మా గోదావరి వాళ్ళే. పులస గురించి మాట్లాడుకుంటూ ఇక్కడి చేపలు కొంటారు. జ్యోతి వంజరం వేయించి, చింతకాయ పచ్చడి చేసింది. ఆ ఇంట్లో ఒక వింత చూశాను. పొద్దున్న తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి నల్లటి పొడి పేరుకుంటుంది. వేలితో రాస్తే మెరుస్తుంది.

"ఏమిటే ఇది?"

"గాల్లోంచి వస్తది పెద్దమ్మా. బొగ్గంటారు, ఇనుమంటారు. ఆరేసిన బట్టల్ని దులిపి తొడుక్కోవడమే."

నా తెల్లచీర లోపలే ఆరేసుకున్నాను.

సబ్‌మెరైన్ దగ్గర

మర్నాడు ఆటో మాట్లాడుకుని మ్యూజియం దగ్గర దింపమన్నాను. సముద్రపు ఒడ్డున దింపాడు. ఎదురుగా చూస్తే ఇసక మీద ఇంటంత సబ్‌మెరైన్.

"ఇదేంటయ్యా?"

"మూజియం. ఊరోళ్ళయినా పైఊరోళ్ళయినా ఇక్కడికే వత్తారు. లోపలికెళ్ళి సూసీండి, బాగుంటాది."

"నాక్కావలసింది బిందెలు పెట్టిన చోటు."

అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "బిందెలైతే పూర్ణా మార్కెట్టుకెల్లాలి కదమ్మా!"

జ్యోతికి ఫోన్ చేసి అతనికిచ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పాతూరు వైపు తిప్పాడు. కావాలనే చుట్టు తిప్పాడని నా అనుమానం. దిగాక ఎక్కువ అడక్కపోయేసరికి ఏమనాలో తెలియలేదు.

అద్దాల పెట్టె

పాతూళ్ళో ఎత్తు స్తంభాల పాత బంగళా అది. ఒక గది గుమ్మం మీద "ఖాళీగా ఉంచనివి" అని రాసి ఉంది. లోపల అన్నీ పాత్రలే. బౌద్ధుల అస్థికలు పెట్టిన మట్టి పాత్రలాంటిది ఒకటి. సవరవాళ్ళు పెద్దల పేరుతో గోడమీద బొమ్మ వేసి, దాని ముందు వేలాడదీసే కుండ, ఆనపబుర్ర. దర్గాలో సాంబ్రాణి వేసే గిన్నె. వేటకి వెళ్ళేముందు బెస్తవాళ్ళు గంగమ్మకి పెట్టే ఘటం. ఖాళీగా ఉంచనివని పేరు పెట్టి అన్నిటినీ ఖాళీగా పెట్టారు.

చివరి అద్దాల పెట్టెలో రెండు ఉన్నాయి. ఒకటి గరగ. మా గోదావరి జాతరల్లో తలమీద పెట్టుకుని ఆడతారే, పైన నాగపడగ ఉండే అమ్మవారి ఇత్తడి కలశం, అది. దాని పక్కన, జానెడు దూరంలో, మా బిందె పేరు.

పేరు అని ఎందుకన్నానంటే బిందె మాది కాదు. మా బిందెని శనివారం శనివారం చింతపండుతో తోముతాం. అందులో మొహం చూసుకోవచ్చు. ఇదేమో మాడిన పాలగిన్నెలా నల్లగా ఉంది. అనుకున్నంతా అయింది, మార్చేశారు అనుకున్నాను. దగ్గరగా చూద్దామని అద్దం మీద చెయ్యి వేశాను.

"సెయ్యెయ్యకండమ్మా! మచ్చలడిపోతాయి." మూలనున్న కుర్చీలోంచి కాపలా ఆవిడ లేచింది. పేరు అప్పలనర్సమ్మ.

"ఇందులో ఉండాల్సింది మా బిందె."

"అందరూ అలగే అంటారు. నిన్నొకాయనొచ్చి ఆ బుర్ర మా తాతదన్నాడు."

"తాళం తియ్యి, చూస్తాను."

"నానేటి సేత్తాను? సారొచ్చేదాకా తియ్యను. సారు రేపొత్తారు."

"ఎందుకింత నల్లగా ఉంది?"

"మా ఊరి గాలికి ఇనుమైనా ఆగదు, ఇత్తడైనా ఆగదు. నన్ను సూడండి, పెళ్ళినాటికి తెల్లగుండీదాన్ని."

నాకు నవ్వు రాలేదు. సారు ఇవాళే లేకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది.

కొండమీద మాత గుడి

సాయంత్రం జ్యోతి నన్ను హార్బరు పక్కన కొండకి తీసుకెళ్ళింది. అక్కడ మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరుడు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద కేథలిక్కుల మాత గుడి. కింద ఓడలు ఒకదాని వెనక ఒకటి కాలవలోకి వస్తాయి. చూడ్డానికి బాగుంది. కానీ మేము విగ్రహం ముందు కొవ్వొత్తి వెలిగించని వాళ్ళం. నేను పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను.

బొట్టు, పసుపుతాడు ఉన్న ఒకావిడ మాత ముందు కొవ్వొత్తి వెలిగించబోతోంది. గాలికి ఆరిపోతోంది. చుట్టూ చూసి నన్నే పిలిచింది. "ఓలమ్మా, కూసింత పమిట అడ్డెట్టవా? మా ఆయన బోటు మీదున్నాడు."

వెళ్ళకూడదు. వెళ్ళకుండా ఎలా ఉండేది? పమిట అడ్డం పెట్టాను, మొహం మాత్రం సముద్రం వైపు తిప్పుకున్నాను. కొవ్వొత్తి నిలబడింది. ఆవిడ ఎవరికి చెప్పుకుందో ఆవిడకి తెలుసు. బోటులో ఉన్న ఆ మనిషి గురించి నేను మాత్రం నా ప్రభువుకే చెప్పాను.

దిగొస్తూ జ్యోతి ముంత మసాలా కొనిపెట్టింది. మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మకాయ, కారం. మా వైపు మిక్చర్ బండి వాడు అడిగిన వాళ్ళకి అడిగినట్టు కలిపిస్తాడు. ఇక్కడ అతని ఇష్టం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారానికి.

మూడు గింజలు

మర్నాడు శశిధర్ ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఫోన్ చేస్తే నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి కదా సువార్తమ్మ గారూ."

"చేస్తే ఇంకొన్నాళ్ళన్నారంట కదా బాబూ." నిలబడే చెప్పాను. "అందులో ఉన్నది మా బిందె కాదు."

అతని మొహంలో నిజంగా ఆశ్చర్యం కనబడింది. నల్లగా ఉందన్నాను. మేం తోమమమ్మా, తోమితే పైపొర పోతుంది, దాని వయసు పోతుంది అన్నాడు. "వయసు పోవాలనే ఎవరైనా తోముతారు," అన్నాను. మూలనుంచి అప్పలనర్సమ్మ కిసుక్కుమంది.

"సరే, మీ బిందె అవునో కాదో మీకెలా తెలుస్తుంది?"

"చెయ్యి పెడితే తెలుస్తుంది."

తాళం తీసి, బిందెను బల్లమీద తెల్లగుడ్డ పరిచి పెట్టాడు. నాకు తెల్లటి చేతి తొడుగులు ఇచ్చాడు. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేను తోముతున్న బిందెని ముట్టుకోడానికి తొడుగులు! అవి వేసుకుంటే నా చేతికేం తెలుస్తుందని తిరిగిచ్చేశాను. అతను వాటిని పక్కన పెట్టేశాడు.

"నియమం మాది. బిందె మీది. పెట్టండమ్మా."

కళ్ళు మూసుకున్నాను. చేతిలో బియ్యం లేకపోయినా అలవాటుగా పిడికిలి బిగిసింది. మెడ దాటి లోపలికి వెళ్ళేటప్పుడు వేళ్ళ కణుపులకి తగిలాయి. ఒకటి. రెండు. మూడు. బిందె మెడవంపు లోపలివైపు, చిన్న చిన్న బొడిపెలు. పైనుంచి కనబడవు. పైన తోమి తోమి నున్నగా అయిపోయింది. చేతికి మాత్రమే తెలుస్తాయి. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి.

"మాదే బాబూ. నిన్ను అనుమానించాను."

"ఏం తగిలాయమ్మా?"

"మూడు గింజలు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. సండే స్కూల్లో పిల్లలకి ఇలాగే చెప్తాను. ప్రతి పిడికిలీ ఆ ముగ్గుర్నీ తాకి వెళ్తుందని."

అతను బల్లమీది గుడ్డ మడత సరిచేశాడు. ఆ సర్దడం నాకు నచ్చలేదు.

"ఏంటి బాబూ?"

"ఏం లేదమ్మా."

"తేల్చుకోవాల్సిన సంగతేదో ఉందన్నావంట. అదేనా?"

తలొంచుకుని చెప్పాడు. చిన్న అద్దం, టార్చిలైటు పెట్టి ఆ మూడింటినీ అతను ముందే చూశాడు. అవి గింజలు కావు, మేకుల కొసలు. బిందె భుజం మీద ఏదో బిగించి ఉండేది. తర్వాత ఎవరో ఊడదీసి, పైన మేకు తలలు రాసి నున్న చేశారు. ఏం బిగించి ఉండేదని అడిగితే, అద్దాల పెట్టెలో ఇంకా ఉన్న గరగ వైపు చూశాడు.

"పడగా?" అన్నాను.

"అనుకుంటున్నానమ్మా. ఖాయంగా చెప్పలేను. బోర్డు మీద రాయలేదు. మీ సంఘానికి చెప్పి, మీరు ఒప్పుకుంటేనే రాద్దామని ఉంచుకున్నాను. ఎలా చెప్పాలో తెలియక ఆలస్యం చేశాను."

నాకు కోపం వచ్చింది. మా బిందెని దాని పక్కన పెట్టినప్పుడే ఇతని ఎత్తు తెలుసుకోవాల్సింది. చదువుకున్నవాళ్ళకి ఏదైనా ఒకేలా కనబడుతుంది. వాళ్ళ చూపులో దేవుడూ ఒకటే, దెయ్యమూ ఒకటే.

"నీ మాట నమ్మను," అన్నాను. "ఆ గరగ కూడా బయటికి తియ్యి. నేను చెయ్యి పెట్టి చూస్తాను."

అన్నాక, ఏమన్నానో నాకు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగాక అమ్మవారి వస్తువు ముట్టుకున్నది లేదు. మా చిన్నప్పుడు జాతర వీధిలోకి వస్తే మా అమ్మ తలుపులేసేది. కానీ సాక్షి చూసి చెప్పాలి, విని కాదు.

అతను వెంటనే తియ్యలేదు. ఆ గరగ ఇచ్చిన ఆయనకి ఫోన్ చేశాడు. కొవ్వూరు వైపు మనిషి. స్పీకరులో ఆయన గొంతు నాకూ వినబడింది. "మా పాతదే కదండీ, ఊరేగింపుకి కొత్తది చేయించాం. చూసుకోమనండి. ఆయ్, కాళ్ళూ చేతులూ కడుక్కుని పెట్టమనండి."

నేనైతే ఏమని ఉండేదాన్నో ఆయన అచ్చం అదే అన్నాడు. అప్పలనర్సమ్మ నన్ను పెరట్లో కొళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. కడుక్కున్నాను. ప్రార్థన చేసుకున్నాను. వచ్చి, కళ్ళు మూసుకోకుండా, గరగలో చెయ్యి పెట్టాను.

మెడ అంతే సన్నం. పిడికిలి అంతే పట్టింది. ఒకటి. రెండు. మూడు. అదే చోట, అదే ఎడంలో.

ఒకే ఊరి కంచరి చేసి ఉంటాడని, అంతకన్నా ఏమీ తెలియదని శశిధర్ అంటున్నాడు. నాకు వినబడటం లేదు. నా చెవుల్లో ఏటా నేనే చెప్పే సాక్ష్యం తిరుగుతోంది. కట్టుబట్టలతో, ఆ ఒక్క బిందెతో. తరిమేసిన ఇంట్లోంచి ఆడమనిషి తెచ్చుకుంటే గింజల మూటో, పిల్లల దుప్పటో తెచ్చుకుంటుంది. ఈ బిందె ఒక్కటే ఎందుకు తెచ్చింది? ఇన్నేళ్ళూ మాలో ఎవరమూ అడగలేదు.

తిరుగు ప్రయాణం

బిందె నాతో పంపడానికి అతను అడ్డు చెప్పలేదు. మెత్తటి కాగితాలు చుట్టబోతే వద్దని నా పాతచీరలో చుట్టుకున్నాను. "కోత పండుగకి నేను రావచ్చా?" అని అడిగాడు. రాసుకోడానికే అని తెలుసు. "చేతిలో కెమెరా ఉంటే రాకు. బియ్యం ఉంటే రా," అన్నాను.

గేటు దగ్గర అప్పలనర్సమ్మ ఆపింది. "ఖాళీ బిందెతో ఎల్లకూడదమ్మా. ఆగండి." తన సంచిలోంచి పొట్లం తీసింది. పసుపు బియ్యమేమోనని నేను వెనక్కి తగ్గాను. ఆవిడకి కోపమొచ్చింది. "మరమరాలే! తిని సూడండి, ఏటి కలిపానో!" నోట్లో వేసుకున్నాను. ఉప్పు తప్ప ఏమీ లేదు. తను కూడా కళ్ళు మూసుకోకుండానే ఒక పిడికెడు బిందెలో పోసింది.

రైల్లో బిందె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అది నాకు బరువుగా ఉంది, పరాయిగా కూడా ఉంది. ఒక దశలో నిజంగానే, తుని వంతెన మీంచి నీళ్ళలోకి వదిలేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను. పోయిందని చెప్తే నమ్ముతారు. శశిధర్‌నే అనుమానిస్తారు.

అప్పుడు నాకు ఐగుప్తు బంగారం గుర్తొచ్చింది. దేవుడి జనం బానిసత్వంలోంచి బయటికి వస్తూ ఇరుగుపొరుగు వాళ్ళ నగలు తెచ్చుకున్నారు. ఆ నగల్లో ఏ దేవతల బొమ్మలు చెక్కి ఉన్నాయో ఎవరు చూశారు? ఆ బంగారంతోనే మొక్కడానికి దూడను పోతపోశారు. ఆ బంగారంతోనే దేవుణ్ణి ఆరాధించే గుడారంలో దీపస్తంభమూ చేశారు. సండే స్కూల్లో ఈ పాఠం నేనే చెప్తాను. బంగారం మారలేదు. ఎవరికి ఇచ్చారన్నదే మారింది.

ఎలమంచిలిలో ఆ బొమ్మలావిడ ఎక్కుతుందేమోనని చూశాను. ఆవిడ రాలేదు, వేరే ఆయన వచ్చాడు. నూటఇరవైకి ఎర్ర భరిణె కొన్నాను. బీపీ బిళ్ళలు అందులో వేసుకున్నాను.

తుని వంతెన దాటేటప్పుడు మరమరాలు తింటున్నాను.

శనివారం, ఆదివారం

పండుగ ముందు శనివారం బిందె తోమడానికి మా ఆడవాళ్ళు నలుగురు కూర్చున్నారు. చింతపండు నానేలోగా ఉన్నదున్నట్టు చెప్పేశాను. కరుణమ్మ గారి చేతిలో పీచు అలాగే ఆగిపోయింది. ఆవిడ మా అందరిలోకీ పెద్దది.

"కాలవలో పడేద్దాం," అంది పాస్టరమ్మగారి చెల్లెలు శాంత. "పిల్లలున్న ఇళ్ళు మావి. ఏమన్నా అయితే?"

అందరూ నా వైపు చూశారు. పెళ్ళిలో మామిడాకులు కడితే విప్పించినదాన్ని, వాస్తు చూపించుకున్న ఇంట్లో భోజనం చెయ్యనిదాన్ని. నేనేమంటానో వాళ్ళకి తెలుసనుకున్నారు.

"ఏమవుతుంది?" అన్నాను. "ఇన్నాళ్ళూ ఏమైంది? ఆ బియ్యం తిన్న ఇళ్ళల్లో ఎవరికి ఏమైంది? భయపడి పారేశామంటే అమ్మవారికి మొక్కినట్టే శాంతా. రాహేలమ్మ భయపడలేదు. ఇంట్లో అందరూ దణ్ణం పెట్టేదాన్ని చంకనెట్టుకుని వచ్చి, పడగ ఊడగొట్టి, ఆకలైనవాళ్ళకి బియ్యం పోసింది."

"ఆవిడే ఊడగొట్టిందని నువ్వు చూశావా?" అంది కరుణమ్మ గారు.

"చూడలేదు. నమ్ముతున్నాను."

"మరి పిల్లలకి ఆ మూడు గింజలూ ఏమని చెప్తావే ఇప్పుడు?"

"మేకులని చెప్తాను. మేకులంటే మనకి కొత్తా?"

కరుణమ్మ గారు బిందె ముందుకి లాక్కుని తోమడం మొదలుపెట్టింది. శాంత లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. చింతపండు పిసికి పోసింది.

ఆదివారం చర్చి నిండింది. రాహేలమ్మ సాక్ష్యం నేనే చెప్పాను, ఈసారి పడగతో సహా. ఒకరిద్దరు గొణిగారు. ఒక కుటుంబం పిడికిలి వెయ్యకుండా వెళ్ళిపోయింది, వాళ్ళు మళ్ళీ వస్తారో రారో తెలియదు. మిగిలినవాళ్ళు వరసలో నిలబడ్డారు. నేను ఎప్పట్లాగే బిందె వెనక నిలబడ్డాను.

మగవాళ్ళ వరసలో ఆఖరున శశిధర్ ఉన్నాడు. చేతిరుమాల్లో బియ్యం మూటకట్టుకుని వచ్చాడు. కెమెరా లేదు. చొక్కా జేబు కూడా చూశాను, కలం లేదు. అతని వంతు వచ్చింది.

"కళ్ళు మూసుకో నాయనా," అన్నాను.

మూసుకున్నాడు. ప్రార్థనలో సంఘమంతా కళ్ళు మూసుకుని ఉంది. నేను మూయలేదు. అతని పిడికిలి మెడ దాటి లోపలికి వెళ్ళింది. గింజలు రాలిన చప్పుడైంది. చెయ్యి మాత్రం వెంటనే బయటికి రాలేదు. లోపల మెల్లగా తిరుగుతోంది.

ఆ మూడింటి కోసం తడుముకుంటున్నాడని నాకు తెలుసు. తడుముకోనిచ్చాను.